ఆహారపరిశ్రమ – పరవిద్యాసహాయము



ఊరగాయలు, అప్పడములు, మిఠాయిలు చేసి జీవించు కుటుంబములు మన సంఘమున పెక్కు కలవు. పాళ్లు ఇల్లు దాటరాదని పెద్దలు కట్టడి చేసిరి. నాడది తగియుండెను. నేడు పిల్లలు ఉద్యోగములకై దూరదేశములకు పోవుచుండగా ఆ పాళ్లు పెద్దలతోనే అంతరించుచున్నవి. కావున బయటివారి విద్యను మన పనికి కలుపుకొనుటను గూర్చి యొక యుదాహరణము విన్నవింతుము.

గుజరాతునందలి ఆనందు పట్టణమున 1946లో ఖేడాజిల్లా పాల సహకారసంఘము వెలసెను. మన మెరిగిన అమూల్ అదియే. అచటివి చాలవరకు గేదెపాలు. వానిని తుంపరగా చల్లి ఆరబెట్టి పొడి చేయుట పొసగదని పాశ్చాత్యనిపుణులు తలంచిరి. సంఘోద్యోగియగు హెచ్. ఎం. దలాయాగారు చేసి చూపిరి. యూనిసెఫ్ వారు యంత్రము లొసగిరి. 1955 అక్టోబరు 31న నెహ్రూగారు కర్మాగారమును ప్రారంభించిరి.

అయినను శిశువులకు గేదెపాలు బరువు. వెన్నయు, కేసీన్ అను మాంసకృత్తును హెచ్చుగా నుండుటచే పసికడుపున గట్టిగా పేరుకొనును. ఈ చిక్కు విప్పినది మైసూరున 1950లో చెలువాంబ భవనమున నెలకొన్న కేంద్ర ఆహార సాంకేతిక పరిశోధనాలయము. వెన్న తగ్గించి, విటమినులు చేర్చి, శిశువుల కరుగు పొడిని చేయు విధమును వారు కనుగొనిరి. ఆనందువారు దానిని గైకొని శిశ్వాహారముగా దేశమున కందించిరి.

ప్రయోగశాలలోని పిడికెడు పొడి వేరు, టన్నులకొలది చేయుట వేరు. దలాయాగారివంటి వారు ఇంట లేనిచో మైసూరువారి విధము కాగితముననే యుండెడిదని మా తలంపు. బయటి పండితుని మాట గ్రహించుటకు ఇంటిలో నొక చదువరి యుండవలయును. (సహకారశబ్దమునకు సంస్కృతమున తియ్యమామిడి యనియు నర్థము కలదు. ఆవకాయ పెట్టు మనవారికి ఆ మాట చేదు కానేరదు!)

ఆ పరిశోధనాలయము నేటికిని రుసుము గైకొని, ఒడంబడికపై తన విధానములను తయారీదారుల కొసగుచున్నది. పాళ్లు మనవి, నిలువచేయు విద్య వారిది. ఏ హక్కు ఎవరిదో ముందే వ్రాసికొనవలయును. మొగమాటమున వ్రాయక మానుట వ్యవహారము కాదు.

పోషకమహాశయులారా! మన విద్యార్థినిధి నుండి ఈ యేడు ఒక్క వేతనమునైన ఆహారశాస్త్రము చదువగోరు బిడ్డకు కేటాయింపుడు. బాపట్లలోనే అందులకు కళాశాల యున్నది. ఆడపిల్లయైనచో మరియు మేలు. తల్లి చేతి పాళ్లు ఆమెకే ముందు తెలియును. తీర్మానపు చిత్తుప్రతిని కార్యదర్శిగారి కిచ్చియున్నాము.