మంచం పక్కన కూర్చున్నవాళ్ళు



మాస్టారు ఈ ఊళ్ళో పుస్తకాలు అద్దెకిచ్చే కొట్టు నడిపారన్న సంగతి మీకు నేను చెప్పక్కర్లేదు. ఆ కొట్లో డిటెక్టివ్ నవలల కన్నా, వారపత్రికల సీరియళ్ళు చించి కుట్టించిన బైండుల కన్నా ఎక్కువ నలిగినవి ప్రేమ నవలలు. తీసుకెళ్ళేవాళ్ళు అట్ట కనపడకుండా చేతికింద పెట్టుకుని వెళ్ళేవాళ్ళు. మాస్టారు మాత్రం వాటిని ఏనాడూ చులకన చెయ్యలేదు. అందుకని ఆయన పేరిట జరిగే ఈ సభలో ఆ ప్రేమ నవలల్లోనే ఒక పాయ చరిత్ర చెప్పదలిచాను. చిన్న ఊరు, విడిపోయి ఏళ్ళయ్యాక మళ్ళీ ఎదురుపడ్డ ఇద్దరు, నడుమ ఒక చావు, ఒక జబ్బు. ఇంగ్లీషు పుస్తకాల వ్యాపారంలో ఈ రకాన్ని ‘సెకండ్ ఛాన్స్ రొమాన్స్’ అంటారు.

నా వాదన ఒక్కటే. ఈ నవలల్లో రెండో అవకాశం ఎవరికి దక్కబోతోందో తెలియాలంటే రోగి మంచం పక్కన ఎవరు కూర్చున్నారో చూడండి. ఎవరు ఎంత ప్రేమించారన్నది ఆ తర్వాతి లెక్క.

జేన్ ఆస్టిన్ రాసిన ‘పర్‌స్యుయేషన్’తో మొదలుపెడతాను. ఆన్ ఎలియట్ పంతొమ్మిదేళ్ళప్పుడు ఫ్రెడరిక్ వెంట్‌వర్త్ అనే నౌకాదళ యువకుణ్ణి పెళ్ళి చేసుకుంటానని మాటిచ్చింది. అతనికి ఆస్తి లేదు. తల్లి లేని ఆ పిల్లకి తల్లిలాంటి లేడీ రస్సెల్ వద్దని నచ్చజెప్పింది, ఆన్ మాట వెనక్కి తీసుకుంది. ఎనిమిదేళ్ళ తర్వాత, 1814లో, ఫ్రాన్సుతో యుద్ధం ఆగి నావికులందరూ ఒడ్డుకొస్తారు. వెంట్‌వర్త్ ఇప్పుడు కెప్టెన్. శత్రువుల ఓడలు పట్టుకున్నందుకు వచ్చిన వాటాలతో పాతికవేల పౌన్లు వెనకేశాడు. ఆన్‌కి ఇరవై ఏడేళ్ళు, అందం వాడిపోయిందని ఇంట్లోవాళ్ళే అనుకుంటున్నారు. అతను ఆమె చెల్లెలి అత్తవారింటికి వస్తూ పోతూ, ఆ ఇంటి ఆడపిల్లలతో సరదాగా కబుర్లాడతాడు.

అతను వచ్చాడని తెలిసిన మొదటి రోజుల్లోనే ఆన్ చెల్లెలి కొడుకు కిందపడతాడు, మెడ దగ్గర ఎముక పక్కకి జారుతుంది. అందరూ వెంట్‌వర్త్‌ని చూడ్డానికి విందుకు వెళ్ళాలి. పిల్లాడి తల్లీ వెళ్ళిపోతుంది. ఆన్ ఇంట్లో ఉండిపోయి పిల్లాణ్ణి చూసుకుంటుంది. ఆ ఇంట్లో ఏ జబ్బు వచ్చినా చాకిరీ ఆమెదే. పెళ్ళికాని అక్కయ్యకి అది ఉద్యోగంలాంటిది. మన ఇళ్ళలోనూ ఇలాంటి అక్కయ్యలు ఉండేవాళ్ళు. 

తర్వాత అందరూ కలిసి లైమ్ రీజిస్ వెళతారు. డోర్సెట్ తీరాన సముద్రపు చిన్న ఊరు. కాబ్ అని రాతి అడ్డుకట్ట ఒకటుంటుంది. లూయిజా అనే చలాకీ పిల్ల ఆ మెట్ల మీంచి వెంట్‌వర్త్ పట్టుకుంటాడులే అని దూకి, అందక, తల పగలగొట్టుకుంటుంది. కెప్టెన్లందరూ నిశ్చేష్టులై నిలబడితే డాక్టరు కోసం పంపమన్నది ఆన్. ఆ సాయంత్రం పేషెంటు దగ్గర ఎవరుండాలన్న మాట వస్తే, ఆన్ అంత సమర్థురాలు ఇంకెవరూ లేరంటాడు వెంట్‌వర్త్. మేడ దిగి వస్తూ ఆ మాట ఆమె వింటుంది. ఎనిమిదేళ్ళ మౌనం తర్వాత ఆమె గురించి అతని నోట వచ్చిన మొదటి పెద్ద మెప్పు అది. ఆమె కళ్ళ గురించో కంఠం గురించో కాదు, రోగిని చూసుకోగలదని. నాకు తెలిసి ప్రేమకథల్లో ఇంత పొడి మెప్పు మరొకటి లేదు, ఇంత గట్టిదీ లేదు.

వెంట్‌వర్త్ కూడా ఆ పరీక్ష పాసైనవాడే. ఆ ఊళ్ళో బెన్‌విక్ అనే కెప్టెన్ ఉంటాడు. అతను సముద్రం మీద ఉండగా పెళ్ళి చేసుకోవాల్సిన పిల్ల, ఫానీ హార్విల్, చనిపోయింది. ఆ కబురు చెప్పే ధైర్యం ఎవరికీ లేకపోతే, వెంట్‌వర్త్ సెలవు మంజూరయ్యేదాకా ఆగకుండా రాత్రింబవళ్ళు ప్రయాణం చేసి, పడవలో ఓడ దగ్గరికెళ్ళి చెప్పాడు. వారం రోజులు స్నేహితుణ్ణి విడిచి కదల్లేదు. ఆస్టిన్ దీన్ని ఒకరి మాటల్లో నాలుగు ముక్కల్లో చెప్పి వెళ్ళిపోతుంది. నాయకుడి మీద నాకు గౌరవం కలిగింది అక్కడే, పాతికవేల పౌన్ల దగ్గర కాదు.

ఇక మిసెస్ స్మిత్. బాత్ నగరంలో ఆన్ వెతుక్కుంటూ వెళ్ళిన పాత స్కూలు స్నేహితురాలు. భర్త పోయాడు, డబ్బు పోయింది, రుమాటిక్ జ్వరం వచ్చి కాళ్ళు పడిపోయాయి. ఉన్నవి రెండు గదులు: ముందుది గోలగా ఉంటుంది, వెనకది చీకటి. ఒక గదిలోంచి ఇంకో గదిలోకి వెళ్ళాలన్నా మనిషి సాయం కావాలి. ఇంటి యజమానురాలి చెల్లెలు రూక్ నర్సు పని చేస్తుంది. ఆవిడే చేతులు స్వాధీనంలోకి వచ్చాక అల్లిక నేర్పింది. మిసెస్ స్మిత్ దారపు సంచులు, సూదులు గుచ్చుకునే దిండ్లు చేస్తే, రూక్ వాటిని తను సేవ చేసే డబ్బున్నవాళ్ళకి అమ్మిపెడుతుంది. అదీ ఎప్పుడు? నొప్పి తగ్గి మనసు మెత్తబడ్డ సమయం చూసుకుని. పెళ్ళి కోసం ఆన్ వెంటపడుతున్న బంధువు అసలు రంగు బయటపడడంలో ఈ నర్సు ఇళ్ళిళ్ళూ తిరిగి మోసుకొచ్చిన కబుర్లకీ వాటా ఉంది.

ఈ నవల రాస్తున్నప్పుడు రచయిత్రే రోగి కాబోతోంది. 1815 ఆగస్టులో మొదలుపెట్టి, 1816 జులై 18న ముగింపు రాసేసింది. తృప్తి కలగలేదు. చివరి అధ్యాయాలు తిరగరాసి ఆగస్టు 6కి పూర్తి చేసింది. పక్కన పెట్టేసిన ఆ కాగితాలు ఇప్పటికీ బ్రిటిష్ లైబ్రరీలో ఉన్నాయి. మొదటి ముగింపులో ఇద్దరూ ఒక అడ్మిరల్ ఇంట్లో అపోహ తొలగిపోయి కలుసుకుంటారు. తిరగరాతలో చనిపోయిన ఫానీ అన్నయ్య బెన్‌విక్ బొమ్మ చేతిలో పట్టుకుని నిలబడతాడు. చెల్లెలి కోసం వేయించిన ఆ బొమ్మకి ఇప్పుడు బెన్‌విక్ పెళ్ళాడబోతున్న లూయిజా కోసం కొత్త చట్రం కట్టించాలి. నా చెల్లెలైతే ఇంత త్వరగా మరిచిపోయేది కాదని అతను బాధపడతాడు. ఆన్ అతనితో మాట్లాడుతుంది. అదే గదిలో రాసుకుంటున్న వెంట్‌వర్త్ ఆ మాటలు వింటూ ఆమెకి ఉత్తరం రాస్తాడు. ఒకరి దుఃఖం పక్కన నిలబడినప్పుడే వీళ్ళకి దారి తెరుచుకుంది.

ఆస్టిన్ 1817 జులై 18న వించెస్టర్‌లో పోయింది. నలభై ఒక్కేళ్ళు. ఇంట్లో ఉన్న ఒక్క సోఫా తల్లికి వదిలేసి తను కుర్చీలు జతచేసుకుని పడుకునేదని మేనల్లుడు జ్ఞాపకాల్లో రాశాడు. చివరిదాకా పక్కనున్నది అక్క కసాండ్రా. ఆ అక్కకి కాబోయే భర్త 1797లో వెస్టిండీస్‌లో జ్వరంతో చనిపోయాడు, ఆవిడ మళ్ళీ పెళ్ళి తలపెట్టలేదు. నవల 1817 డిసెంబరులో అచ్చయింది.

సరిగ్గా నూరేళ్ళకి, 1917లో, బెంగాలీ రచయిత శరత్ ‘దేవదాసు’ అచ్చయింది. 1953 సినిమా తర్వాత అది మన తెలుగువాళ్ళ కథే అయిపోయింది కాబట్టి ఒక్క మాట. అక్కడ రెండో అవకాశం పార్వతి గుమ్మం దాకా వచ్చి ఆగిపోతుంది. జబ్బుపడ్డ దేవదాసుని వీధిలోంచి తెచ్చి సేవ చేసింది చంద్రముఖి. ఆమెకేం దక్కింది? ఏమీ లేదు. ఆస్టిన్ పెట్టిన సూత్రాన్ని శరత్ కావాలనే విరగ్గొట్టినట్టుంటుంది. విరిగింది కాబట్టే మనకి ఆ ఏడుపు.

మిగతా వందేళ్ళ వ్యాపారం త్వరగా చెప్పేస్తాను. లండన్‌లో 1908లో మిల్స్ అండ్ బూన్ పుట్టింది, కెనడాలో 1949లో హార్లెక్విన్. 1957 నుంచి హార్లెక్విన్ వాళ్ళు మిల్స్ అండ్ బూన్ నవలలు తిరిగి అచ్చేయడం మొదలుపెట్టారు. అలా అచ్చేసినవి ముందుగా డాక్టరు-నర్సు కథలే. 1971లో కంపెనీనే కొనేశారు. 1981లో అమెరికాలో ‘సెకండ్ ఛాన్స్ ఎట్ లవ్’ అనే పేరుతోనే ఒక వరస మొదలైంది. విడాకులైన ఆడవాళ్ళూ భర్త పోయినవాళ్ళూ నాయికలు కావచ్చని వ్యాపారం ఒప్పుకున్న కాలం అది.

నికొలస్ స్పార్క్స్ ‘ద నోట్‌బుక్’ 1996లో వచ్చింది. నార్త్ కరోలినాలో న్యూ బర్న్ అనే నిజమైన చిన్న ఊరు, పద్నాలుగేళ్ళ ఎడబాటు, మళ్ళీ కలయిక, ముసలితనంలో భార్యకి ఆల్జైమర్స్. నర్సింగ్ హోములో భర్త నోవా రోజూ ఆమె కథ ఆమెకే చదివి వినిపిస్తాడు. మంచం పక్కకి మగవాడు వచ్చి కూర్చున్నాడు, అది పెద్ద మార్పు, కాదనను. కానీ స్నానం చేయించేది, దుప్పట్లు మార్చేది జీతమిచ్చి పెట్టుకున్నవాళ్ళు. నోవాకి మిగిలింది చదవడమే. అది శుభ్రమైన సేవ. 2004 సినిమాలో ఆ ముసలావిడ వేషం వేసిన జీనా రోలాండ్స్‌కి ఆల్జైమర్స్ ఉందని, దర్శకుడూ ఆమె కొడుకూ అయిన నిక్ కాసవెటీస్ 2024లో చెప్పాడు. ఆ ఆగస్టులోనే ఆమె చనిపోయింది.

2007లో వచ్చిన రాబిన్ కార్ నవల ‘వర్జిన్ రివర్’ నాకు స్పార్క్స్ కన్నా నచ్చుతుంది. మెల్ మన్రో నర్సు, మంత్రసాని. డాక్టరైన భర్తని ఒక దుకాణంలో దొంగతనం జరుగుతుంటే కాల్చి చంపారు. లాస్ ఏంజెలిస్ వదిలి ఉత్తర కాలిఫోర్నియా కొండల్లోని ఊరికొస్తే, ఇస్తామన్న ఇల్లు కూలడానికి సిద్ధంగా ఉంటుంది. వెళ్ళిపోదామనుకున్న ఉదయం డాక్టరు గుమ్మం ముందు ఎవరో పసికందుని వదిలేసి ఉంటారు. ఆ బిడ్డ కోసం ఆగుతుంది, ఆగడంతో కథ. ఆన్ జీతం లేకుండా చేసిన చాకిరీ ఇక్కడ ఒక స్త్రీ చదువూ వృత్తీ అయింది. రెండు శతాబ్దాల్లో ఈ కథారూపం సాధించిన అసలు ముందడుగు అదేనని నా అభిప్రాయం. శైలిలో మాత్రం ఆస్టిన్‌ని దాటినవాళ్ళు నాకు కనపడలేదు.

చివరగా ఒక విన్నపం. ‘పర్‌స్యుయేషన్’ చేతికి తీసుకున్నవాళ్ళు మిసెస్ స్మిత్ గదులు దాటేసి వెంట్‌వర్త్ ఉత్తరం దగ్గరికి పరుగెత్తుతారు. మీరు అలా చెయ్యకండి. ఆవిడ 17వ అధ్యాయంలో వస్తుంది. అక్కడ నెమ్మదిగా చదవండి.