పద్యానికీ ఒక గొంతుంటుంది

ఈ రోజు పట్టాలు అందుకున్న ఎం.ఏ. తెలుగు, బి.ఇడి. విద్యార్థులకూ, తెల్లవారుజామునే ఊళ్లలో బయల్దేరి వచ్చిన వాళ్ల అమ్మానాన్నలకూ నా అభినందనలు.

మీలో చాలామంది జూన్‌లో ఏదో ఒక బడిలో తెలుగు పాఠం మొదలుపెడతారు. ముప్పై ఏళ్లు ఆ పనే చేశాను. నేను ఆలస్యంగా నేర్చుకున్న సంగతి ఒకటి మీకు ముందే చెబుదామని వచ్చాను.

కాసుల పురుషోత్తమ కవి ఆంధ్రనాయక శతకం మీకు తెలుసు. కృష్ణాతీరంలోని శ్రీకాకుళంలో వెలసిన ఆంధ్ర మహావిష్ణువును నిలదీసే సీస పద్యాలవి. ఒక పద్యంలో కవి దేవుడి కుటుంబాన్నంతా ముందుకు తెస్తాడు. భూదేవి, లక్ష్మి భార్యలు కాబట్టి నీకా పేరు, బ్రహ్మ కొడుకు, గంగ కూతురు కాబట్టి నీకీ ఖ్యాతి, ఇందులో నీ సొంతమేముందని అడుగుతాడు. ఉద్యోగంలో చేరిన కొత్తలో తొమ్మిదో తరగతికి ఈ పద్యం చెప్పాను. ప్రతిపదార్థం చెప్పాను, తాత్పర్యం రాయించాను, నిందలా వినిపించే పొగడ్త ఇది, దీని పేరు వ్యాజస్తుతి అని బోర్డు మీద పెద్దక్షరాలతో రాశాను. పరీక్షలో కవికి దేవుడి మీద ఎలాంటి భావముందని అడిగితే, సగం తరగతి ‘కోపం’ అని రాసింది. ఆ పక్కనే వ్యాజస్తుతి నిర్వచనం తప్పు లేకుండా ఉంది! ఆ రాత్రి పేపర్లు ముందేసుకుని చాలాసేపు కూర్చున్నాను. తప్పు పిల్లలది కాదు. నేను మాటల అర్థం చెప్పాను గానీ గొంతు వినిపించలేదు.

ఈ గొంతుకు మన పెద్దలు పెట్టిన పేరు కాకువు. మాట అదే, పలికే తీరు మారితే అర్థం మారుతుంది. ‘ఇప్పుడొచ్చావా’ అని అమ్మ అన్నప్పుడు అది ప్రేమో, దెప్పో, బెంగో ఏ పిల్లాడికీ విడమరచి చెప్పక్కర్లేదు. నాట్యశాస్త్రంలో భరతుడు పాఠ్యం గురించి చెబుతూ స్వరాలను రసాలకు పంచాడు. హాస్య శృంగారాలకు మధ్యమ పంచమాలు, వీర రౌద్ర అద్భుతాలకు షడ్జ రిషభాలు, కరుణకు గాంధార నిషాదాలు, బీభత్స భయానకాలకు ధైవతం. అంటే సంగీతాన్నీ సాహిత్యాన్నీ వేరు వేరు గదుల్లో కూర్చోబెట్టింది మన పాఠశాలలే తప్ప మన సంప్రదాయం కాదు.

తిరుపతి వేంకట కవుల రాయబారం పద్యాలను ఊరి పందిళ్ల కింద రాత్రంతా కూర్చుని విన్నవాళ్లలో అక్షరం రానివాళ్లు ఎందరో. సమాసాలు వాళ్లకు తెలియవు. అయినా కృష్ణుడి మర్యాద మాటల కింద ఉన్న హెచ్చరికను పట్టుకుని ‘వన్స్ మోర్’ అన్నారు. వాళ్లకు ఆ సంగతి చెప్పింది రాగం. పిల్లలకూ అంతే చేద్దామనుకున్నాను.

మొదట మాటల్లేని సంగీతం వినిపించాను. వీణ మీద ముఖారి రాగం కాసేపు, మోహన రాగం కాసేపు. విన్నాక ఎవరికి తోచిన మాట వాళ్లు రాయాలి. ముఖారికి అందరూ ‘ఏడుపు’ అని రాశారు. అక్కడ ఆపేస్తే రాగాల పట్టిక ఒకటి బట్టీ పట్టించినట్టే అయ్యేది. అందుకే త్యాగరాజస్వామి శబరి భాగ్యాన్ని పొగుడుతూ రాసిన కీర్తన వినిపించాను. అదీ ముఖారే! పిల్లలు ఆశ్చర్యపోయారు. మరి ఇది ఏడుపా అంటే, కాదన్నారు. ఏం చూసి కాదన్నారంటే, మాటలు చూసి అన్నారు. నాకు కావలసింది అదే. రాగం చెవిని తెరుస్తుంది. తీర్పు మాత్రం మాటలదే.

ఇక్కడ ఒక జాగ్రత్త చెప్పాలి. కరుణశ్రీ పుష్పవిలాపాన్ని ఘంటసాల గొంతులో విన్నవాడికి ఆ పద్యాలు ఇంకో గొంతుతో వినపడవు. అది ఆ గాయకుడి గొప్పతనం. కానీ తరగతిలో ముందే ఆ పాట పెడితే పిల్లలకు వెతుక్కోవడానికేమీ మిగలదు. ముందు వాళ్లను చదవనివ్వండి, తడబడనివ్వండి. తమ గొంతులో ఒకసారి పలికాక వింటే, ఆయన ఎక్కడ ఆగాడో, ఎందుకు ఆగాడో వాళ్లే అడుగుతారు.

మళ్లీ ఆంధ్రనాయక శతకం దగ్గరకు వస్తాను. మరుసటి ఏడు అదే పద్యాన్ని కోపంగా పాడమని ఒక అమ్మాయికి చెప్పాను. సీస పాదాలను చరచర లాగేసింది. వేలు కూడా చూపించింది. సీసం చివరి ఎత్తుగీతిలో మకుటం వచ్చింది. చిత్రమైన మహిమ గలవాడా, దయగలవాడా అని దేవుణ్ణి పిలిచే చోటది. అక్కడ ఆగిపోయింది. మళ్లీ మొదలుపెట్టింది, మళ్లీ అక్కడే ఆగింది. ‘మాస్టారూ, ఇక్కడ కోపం రావడం లేదు’ అంది. మరి ఎలా వస్తే అలా పాడమన్నాను. గొంతు తగ్గించి, సాగదీసి, దాదాపు బతిమాలినట్టు పాడింది. తరగతి నిశ్శబ్దమైపోయింది. తర్వాత తనే మొదటి పాదానికి వెళ్లి, ఈసారి తాతగారితో ఆటలాడే మనవరాలిలా అందుకుంది.

ఆ రోజు నేను వ్యాజస్తుతి అన్న మాట బోర్డు మీద రాయలేదు. పరీక్షలో పాత ప్రశ్నే ఇచ్చాను. ఆ అమ్మాయి రాసిన జవాబు ఒక్క వాక్యం: ‘కవి తిట్టినట్టు నటించాడు గానీ, మకుటం దగ్గర దొరికిపోయాడు.’

రెండు మార్కుల ప్రశ్న అది. రెండూ వేశాను.