చక్కెర పరీక్షకు వెళ్లే ముందు



రక్తంలో చక్కెర పరీక్ష చేయించుకోమని డాక్టరుగారు చెప్పగానే మనలో చాలామంది రెండు రోజుల ముందునుంచే తీపి మానేసి, అన్నం సగానికి తగ్గించేస్తారు. అంకె తక్కువ వస్తే మంచిదేగా అనుకుంటారు. కాని ఆ అంకెను చూసే కదండీ డాక్టరుగారు మందు రాసేది! ఉన్న జబ్బు కాగితం మీద కనబడకపోతే చాలీచాలని మందే చేతికొస్తుంది. అంచేత ముందు రోజుల్లో ఎప్పటిలాగే తినాలి, ఎప్పటిలాగే పనులు చేసుకోవాలి.

పరగడుపు పరీక్షకు కనీసం 8 గంటలు ఏమీ తినకూడదు. రాత్రి 9 గంటలకు భోంచేస్తే పొద్దున్న 7 గంటలకు రక్తం ఇవ్వవచ్చు. రాత్రి భోజనం మానేయకండి. మంచినీళ్లు తాగవచ్చు. కాఫీ, టీ మాత్రం చక్కెర వెయ్యకపోయినా వద్దు. మన కోనసీమవాళ్లకు ప్రత్యేకంగా ఒక మాట. బొండం నీళ్లు మంచినీళ్ల లెక్కలోకి రావు, వాటిలో చక్కెర ఉంది. మామిడికుదురులో బస్సెక్కే ముందు బొండం తాగితే పరగడుపు పోయినట్టే. అప్పనపల్లి ప్రసాదమైనా కళ్లకద్దుకుని దాచుకోండి, రక్తం ఇచ్చాక తినవచ్చు. కార్తీక సోమవారం ఉపవాసం ఉన్న మర్నాడు ఈ పరీక్ష పెట్టుకోకండి.

చక్కెరకు మాత్రలో, ఇన్సులినో వాడేవారు వాటిని వెంట తీసుకెళ్లాలి. ఏమీ తినకుండా వేసుకుంటే చక్కెర పడిపోయి కళ్లు తిరగవచ్చు. ఏది ఎప్పుడు వేసుకోవాలో ముందురోజే డాక్టరుగారిని అడగండి. జ్వరం ఉన్నా, స్టెరాయిడ్ మందు వాడుతున్నా చెప్పండి.

రెండో పరీక్ష తిన్న 2 గంటలకు చేస్తారు. ఆ లెక్క మొదటి ముద్ద నుంచి, చెయ్యి కడుక్కున్నప్పటి నుంచి కాదు. అమలాపురమో, రాజోలో వెళ్లేవారు రోజూ తినే టిఫినే ఇంటినుంచి పట్టుకెళ్లండి. ఆ రెండు గంటలూ కూర్చోండి, బజారు పని తర్వాత చూసుకోవచ్చు.

పరగడుపున డెసిలీటరుకు 100 మిల్లీగ్రాముల లోపుంటే మామూలు. 100 నుంచి 125 వరకు హెచ్చరిక. 126 గాని, ఆపైన గాని వస్తే మధుమేహమని అనుమానించి, మళ్లీ పరీక్షించి ఖాయం చేస్తారు. మూడు నెలల సగటు చెప్పే హెచ్‌బీఏ1సీ పరీక్షకు పస్తు అక్కరలేదు. అయితే రక్తహీనత ఉంటే అది సరిగా చెప్పకపోవచ్చు. గర్భిణులకు ప్రభుత్వ ఆసుపత్రుల్లో 75 గ్రాముల గ్లూకోజు తాగించి చేసే పరీక్షకూ పస్తుండనక్కరలేదు.

పొరపాటున పొద్దున్నే కాఫీ తాగేస్తే దాచకండి. ఆ మాట చెప్పేసి, మరోరోజు వెళ్లండి. పోయేది ఒక బస్సు చార్జీ. తప్పు అంకెను నమ్మి నెలల తరబడి మందు మింగడం అంతకంటే పెద్ద నష్టం కదండీ.