కీలు మార్చిన మోకాలు మళ్లీ వాస్తే: ఏ స్కానింగు ఏం చెప్తుంది

సంఘం సెక్రటరీగా సభ్యుల ఆసుపత్రి కాగితాలు చూస్తూ, డాక్టర్లను అడిగి తెలుసుకున్న నాలుగు ముక్కలు చెప్తాను.

గుంట మగ్గం మీద 30, 40 ఏండ్లు కాలు ఆడించినోళ్లలో మోకాళ్లు అరిగినోళ్లు ఎందరో ఉన్నారు. ఇప్పుడు చాలామంది కీలు మార్పించుకుంటున్నారు. ఎక్కువమందికి బాగుంటుంది. సుమారు నూటికి ఒకరిద్దరికి ఆ కీలు చుట్టూ ఇన్ఫెక్షన్ వస్తుంది. నెలలోనే రావచ్చు, ఏండ్ల తర్వాతా రావచ్చు.

మా సంఘంలో ఒక అక్కకు రెండేండ్లకు మోకాలు వాచింది. రాత్రిపూట కూడా నొప్పి. మెడికల్ షాపులో యాంటీబయాటిక్ మాత్రలు తెచ్చి మింగింది. తగ్గేది, మళ్లీ వచ్చేది. చివరికి కీళ్ల డాక్టరు మాత్రలు ఆపించి, రెండు వారాలు ఆగి, కీలులో నీరు తీసి పరీక్షకు పంపారు. మాత్రలు పనిచేస్తుంటే క్రిమి పరీక్షలో దొరకదంట.

ఇక స్కానింగుల సంగతి. మొదట ఎక్స్‌రే. కీలు వదులైందా, ఎముక తినేసిందా కనిపిస్తుంది. కానీ మొదట్లో ఇన్ఫెక్షన్ ఉన్నా ఎక్స్‌రే బాగానే ఉండొచ్చు. అల్ట్రాసౌండ్‌లో నీరు చేరింది తెలుస్తుంది, సూది సరిగ్గా అక్కడికి పోయేటట్టు చూసుకోవచ్చు. సీటీ, ఎంఆర్ఐలో లోహం వల్ల బొమ్మ చెదురుతుంది, దాన్ని తగ్గించే పద్ధతి ఉందా అని అడగండి. బోన్ స్కాన్ ఆపరేషన్ అయిన ఏడాది దాటినా ఇన్ఫెక్షన్ లేకుండానే వెలగవచ్చు. మన రక్తంలోని తెల్లకణాలకు మందు తగిలించి మళ్లీ ఎక్కించి తీసే స్కాన్ ఒకటుంది, అది ఇంకా నమ్మకమైనది. పెట్ స్కాన్ ఇన్ఫెక్షన్ లేని వాపుకు కూడా వెలుగుతుంది.

అందుకే ఒక్క స్కాన్ చూసి తేల్చరు. రక్తంలో ఈఎస్ఆర్, సీఆర్పీ, కీలు నీటి పరీక్ష, స్కాను, అన్నీ కలిపి చూస్తారు. పెద్ద స్కాన్ రాస్తే, బంగారం కుదువ పెట్టకముందే అడగండి: "అయ్యా, ఈ స్కాన్‌తో వైద్యం మారుతుందా? నీరు తీసి చూశారా?" అడగడం తప్పు కాదు.

ఆ అక్కకు పాత కీలు తీసి, మందు కలిపిన సిమెంటు పెట్టి, ఇన్ఫెక్షన్ తగ్గాక కొత్త కీలు వేశారు. ఇప్పుడు నడుస్తుంది, కండెలు చుడుతుంది. ఖర్చూ, నెలల తరబడి పని నష్టమూ ఇంటిల్లిపాదీ మోశారు.

కాబట్టి మూడు మాటలు గుర్తుపెట్టుకోండి. ఆపరేషన్ నాటి ఎక్స్‌రే ఫిల్ములు, కాగితాలు దాచండి, కొత్తవాటితో పోల్చడానికి అవే ఆధారం. డాక్టరు చెప్పకుండా యాంటీబయాటిక్ మింగొద్దు. కీలు ఎర్రబడి జ్వరం వచ్చినా, చీము కారినా అదే రోజు ఆసుపత్రికి పొండి, సంత రోజైనా సరే, పడుగు మగ్గం మీదున్నా సరే. పడుగు రేపటికి ఆగుతుంది, కాలు ఆగదు.