ఆగిపోయే బండి – ఆగని బండి

(రేడియో మహిళా కార్యక్రమంలో ప్రసారమైన ప్రసంగం)



ఈ వేళ నేను మోటారు సైకిలు గురించి మాట్లాడబోతున్నానంటే మీలో కొందరికి నవ్వు రావచ్చు. "పచ్చళ్ళ గురించో, పిల్లల జలుబుల గురించో చెప్పక ఈవిడకెందుకమ్మా బళ్ళ గొడవ?" అనుకోవచ్చు. నిజమే, నేను మెకానిక్కును కాను. పదో తరగతితో చదువు ఆపి, ఇల్లు దిద్దుకుంటున్నదాన్ని. బండి నడపడం కూడా నాకు రాదు. కాని పదిహేనేళ్ళకు పైగా బండి వెనక సీటు మీద కూర్చుంటున్నాను. ఒడిలో చంటిపిల్లతో కూర్చున్నాను, పక్కన కూరల సంచీతో కూర్చున్నాను. బండికి ఏమైనా అయితే మొదట కింద పడేది మనమే గదా! అంచేత ఆ బండి సంగతి మనకు కొంచెమైనా తెలియాలని నా మనవి.

మగవాళ్ళను "బండి ఎలా ఉందండీ?" అని అడిగి చూడండి. "బ్రహ్మాండం, ఒక్క తన్నుకే స్టార్టవుతుంది, లీటరుకి ఇంత ఇస్తుంది" అంటారు. అంటే వారి దృష్టిలో బండి అంటే ఇంజనే. దానికీ ఒక కారణం ఉంది. నా చిన్నతనంలో బండి అంటే రోజుకో తద్దినం. పెట్రోల్లో ఆయిలు కొలిచి కలపాలి. దారిలో ఆగిపోతే ప్లగ్గు విప్పి, మసి తుడిచి, మళ్ళీ బిగించాలి. స్కూటరయితే పక్కకు వంచి, నిలబెట్టి, మళ్ళీ తన్నాలి. 1985లో హీరో హోండా సి.డి. 100 బండి వచ్చింది. నాలుగు స్ట్రోకుల ఇంజను, ఆయిలు కలిపే పని లేదు. పెట్రోలు పోయించు, మూత వెయ్యి, ఇక మరిచిపో అన్నట్టుగా దాని ప్రకటనలు ఉండేవి. ఆ తరువాత వచ్చిన బళ్ళు చాలావరకు ఆ మాట నిలబెట్టుకున్నాయి కూడా. కాని మనం పెట్రోలు సంగతితో బాటు బండినే మరిచిపోయాం. ఇంజను మొరాయిస్తేనే గదా మనం బండి వంక చూసేది? అది మొరాయించడం మానేశాక ఇక చూసేవారెవరు?

మా ఇంటి సంగతే చెబుతాను. మావారు 2008 దసరాకు బండి కొన్నారు. ఆయిలు వేళకు మారుస్తారు, ఇంజనుకు ఏ లోటూ చెయ్యరు. 2022 కార్తీక మాసంలో ఒక సాయంత్రం పక్క ఊళ్ళో నోము ఉద్యాపన చూసుకుని కాలవ గట్టు మీదుగా వస్తున్నాం. చీకటి పడింది. వెనక నుంచి ఒక లారీ కీచుమంటూ బ్రేకు వేసి, మా పక్కగా ఒరిగి ఆగింది. డ్రైవరు దిగి వచ్చాడు. తిడతాడనుకున్నాను. తిట్టలేదు. అతని చేతులు వణుకుతున్నాయి. "అమ్మా, మీ బండికి వెనక దీపం లేదు. మీ చీర జరీ అంచు తళుక్కుమంది కాబట్టి చూశాను, లేకపోతే..." అని ఆపేశాడు. ఆ మాట ఈనాటికీ నా చెవిలో ఉంది. ఆ రోజు నేను నేత చీర కట్టుకుని ఉంటే ఏమయ్యేదో!

ఎన్నాళ్ళ నుంచి ఆ దీపం వెలగడం లేదో మాలో ఎవరికీ తెలియదు. నడిపేవారికి ముందు దీపమే కనబడుతుంది. వెనక దీపం వెనక వచ్చేవాడికి తప్ప కనబడదు. మర్నాడు బల్బు మార్పించారు. అంతటితో మరిచిపోయాం.

మరుసటి ఏడాది వేసవిలో మా అక్కయ్యకు ఆపరేషనయితే సాయంగా ఇంగ్లండు వెళ్ళాను. వాళ్ళుండేది లెస్టరు పట్నంలో. అక్కయ్య కొడుకు కాలేజీకి చిన్న మోటారు సైకిలు మీద వెళ్తాడు. ఒక రోజు "పిన్నీ, బండికి పరీక్ష ఉంది, వస్తావా?" అన్నాడు. "బండికి పరీక్షేమిట్రా?" అన్నాను. అక్కడ బండి కొన్న మూడేళ్ళ నుంచి ప్రతి ఏడూ పరీక్ష చేయించి సర్టిఫికెట్టు తీసుకోవాలి. కార్లకయినా, మోటారు సైకిళ్ళకయినా అంతే. లేకుండా రోడ్డెక్కితే వెయ్యి పౌండ్ల దాకా జరిమానా. ఆ పరీక్షను ఎం.ఓ.టి. అంటారు, మినిస్ట్రీ ఆఫ్ ట్రాన్స్‌పోర్టు అన్న పాత పేరులోని అక్షరాలవి. 1960లో మొదలయినప్పుడు పదేళ్ళు దాటిన బళ్ళకే చేసేవారు. 1967 నుంచి మూడేళ్ళకు తగ్గించారు.

పరీక్ష జరిగే షెడ్డులో, బండి యజమాని నిలబడి చూసేందుకు వేరే చోటుంది. అక్కడ నిలబడి చూశాను. మా వాడు "ఇంజను బ్రహ్మాండం పిన్నీ" అంటూనే ఉన్నాడు. తీరా చూస్తే ఆ పరీక్షకుడు ఇంజను జోలికే పోలేదు! ఇంజను, క్లచ్చి, గేర్ల బాగోగులు ఆ పరీక్షలో లేనే లేవు. దీపాలు, హారను, బ్రేకులు, టైర్లు, చక్రాలు, హాండిలు, చెయిను, షాకబ్జార్బర్లు, సీటు, కాళ్ళు పెట్టుకునే కడ్డీలు – ఇవే చూశాడు. ఒక్క మర కూడా విప్పలేదు. కళ్ళతో చూశాడు, చేత్తో కదిపాడు, బ్రేకులు మాత్రం మిషను మీద పరీక్షించాడు. చివరికి మా వాడి బండి తప్పింది. చేతి బ్రేకు నొక్కితే వెనక ఎర్ర దీపం వెలగలేదు. వెనక టైరు అరిగిపోయింది. ఆ దేశంలో మోటారు సైకిళ్ళు పరీక్ష తప్పే కారణాలలో ఏటేటా మొదటి స్థానం దీపాలదే. ఆ తరువాత బ్రేకులు, టైర్లు, స్టీరింగు లాంటివి.

అప్పుడు నాకు మా కాలవ గట్టు గుర్తుకొచ్చింది. ఇంజను చెడితే బండి ఆగిపోతుంది. తోసుకుంటూ ఇంటికొస్తాం, చెమట పడుతుంది, అంతే. దీపం చెడినా, టైరు అరిగినా, బ్రేకు తగ్గినా బండి ఆగదు. హాయిగా పోతూనే ఉంటుంది. అదీ ప్రమాదం. ఆగిపోయే బండి మనల్ని విసిగిస్తుంది. ఆగవలసిన చోట ఆగని బండి మనల్ని మింగుతుంది.

మన దేశంలో సొంత మోటారు సైకిలుకు ఏటేటా ఇలాంటి పరీక్ష లేదు. రిజిస్ట్రేషను పదిహేనేళ్ళకు చేస్తారు. ఆ గడువు తీరాక బండిని చూసి, బాగుంటే మరో అయిదేళ్ళకు పొడిగిస్తారు. "పొల్యూషను సర్టిఫికెట్టు ఉందిగా?" అంటారేమో, అది పొగ సంగతే చెబుతుంది గాని బ్రేకు సంగతి చెప్పదు. అంటే పదిహేనేళ్ళ పాటు ఆ పరీక్ష చెయ్యవలసింది మనమే అన్నమాట.

2023లో మా బండికి పదిహేనేళ్ళు నిండబోతుంటే మావారితో "ఆఫీసు వాళ్ళు చూసే ముందు మనం చూద్దాం రండి" అన్నాను. "నీకేం తెలుసు బళ్ళ సంగతి!" అని నవ్వారు గాని వచ్చారు. లెస్టరులో చూసిన వరుసలోనే చూశాం. మీరూ చూడవచ్చు.

మొదట దీపాలు. ఆయన్ని సీటు మీద కూర్చోబెట్టి మీరు వెనక నిలబడండి. చేతి బ్రేకు ఒక్కటే నొక్కమనండి, ఎర్ర దీపం పెద్దగా వెలగాలి. వదిలేసి, కాలి బ్రేకు ఒక్కటే తొక్కమనండి. మళ్ళీ వెలగాలి. రెండింటికీ స్విచ్చిలు వేరు. ఒకటి పనిచేసి ఇంకొకటి బురద పట్టి బిగిసిపోవడం మామూలే. పాత తరహా బల్బులో రెండు తీగలుంటాయి, ఒకటి మామూలు వెలుగుకు, రెండోది బ్రేకుకు. ఒకటి తెగినా రెండోది వెలుగుతుంది, అంచేత రెండూ విడివిడిగా చూడాలి. 2017 ఏప్రిల్ నుంచి వచ్చిన కొత్త బళ్ళకు ఇంజను నడుస్తున్నంతసేపూ ముందు దీపం దానంతటదే వెలుగుతుంది. దాన్ని చూసి వెనకదీ వెలుగుతోందనుకోకండి.

రెండోది బ్రేకులు. చేతి బ్రేకు నొక్కితే హాండిలు దాకా వచ్చేస్తోందా? తీగ పోగులు పోగులుగా విడిపోయిందా? డ్రమ్ము బ్రేకయితే చక్రం దగ్గర చిన్న ముల్లు గుర్తు ఉంటుంది, అది గీత దాటితే లోపలి షూలు అరిగిపోయినట్టు. డిస్కు బ్రేకయితే ప్యాడ్ల మందం చూడాలి, డబ్బాలో ఆయిలు కనీసపు గీతకు పైన ఉందో లేదో చూడాలి.

మూడోది టైర్లు. అక్కడ పెద్ద బళ్ళ టైరులో గాళ్ళు కనీసం ఒక మిల్లీమీటరు లోతుండాలి. మన నిబంధనల ప్రకారం రెండు చక్రాల బండికి 0.8 మిల్లీమీటరు. కొలబద్దతో పని లేదు. గాళ్ళ అడుగున అక్కడక్కడ చిన్న గట్లు ఉంటాయి. టైరు అరిగి ఆ గట్లతో సమానమయితే దాని పని అయిపోయినట్టే. గాళ్ళు బాగున్నా పక్కలు బీటలు వారితే మార్చవలసిందే.

నాలుగోది చెయిను. ఇంజను ఆపేసి చూడాలి. చక్రం తిరుగుతుండగా వేలు దగ్గరకు పోనివ్వకండి. చెయిను మరీ వదులయితే పళ్ళ మీంచి జారి చక్రానికి చుట్టుకోవచ్చు. మరీ బిగుతయితే తెగవచ్చు. ఎంత వదులుండాలో బండితో ఇచ్చిన పుస్తకంలో ఉంటుంది.

అయిదోది హాండిలు. పెద్ద స్టాండు వేసి ముందు చక్రం పైకి లేపి, హాండిలు ఈ చివర నుంచి ఆ చివరకు తిప్పండి. నెయ్యి మీద జారినట్టు తిరగాలి. మధ్యలో గాడిలో పడ్డట్టు ఆగితే లోపలి బేరింగు పోయిందన్నమాట. ముందు గొట్టాల మీద ఆయిలు జిడ్డు ఉంటే సీలు పోయినట్టు.

ఆరోది మనది. వెనక కూర్చునేవారు పట్టుకునే కడ్డీ, కాళ్ళు పెట్టుకునే కడ్డీ, బట్టలు చక్రంలో పడకుండా వెనక చక్రాన్ని సగానికి తక్కువ కాకుండా కప్పే గార్డు – ఈ మూడూ బండికి ఉండి తీరాలని మన చట్టపు నిబంధనల్లోనే ఉంది. శారీ గార్డు అందం చెడగొడుతుందని కుర్రాళ్ళు విప్పి అటక మీద పడేస్తున్నారు. కొంగో, చున్నీయో చక్రంలో చిక్కుకుంటే ఏమవుతుందో నేను వర్ణించనక్కర్లేదు.

ఇంతకీ మా "బ్రహ్మాండమైన" బండిలో ఎన్ని లోపాలు బయటపడ్డాయనుకున్నారు? ఆరు! కాలి బ్రేకుకు దీపం వెలగలేదు. వెనక టైరు గట్లతో సమానమయింది. చెయిను వేలాడుతోంది. హాండిలు మధ్యలో పట్టేస్తోంది. హారను బొంగురు పోయింది. శారీ గార్డు మర ఒకటి ఊడిపోయింది. అన్నీ మన కళ్ళ ముందున్నవే. మావారు కాసేపు మాట్లాడలేదు. తరువాత "ఇన్నాళ్ళూ నిన్ను దీని మీదే తిప్పానా!" అన్నారు, అంతే. బాగు చేయించి తీసుకెళ్తే బండి నెగ్గింది, అయిదేళ్ళు పొడిగించారు. కాని ఆ అయిదేళ్ళ కాగితాన్ని చూసి నేను నిశ్చింతగా లేను. ఇంట్లో పరీక్ష మానలేదు.

దానికొక రోజు పెట్టుకున్నాం. ఏటా దసరాకు ఆయుధ పూజ చేస్తాం గదా! బండి కడిగి, దండ వేసి, బొట్టు పెట్టి, చక్రాల కింద నిమ్మకాయలు పెడతాం. ఆ నిమ్మకాయ పెట్టేందుకు వంగినప్పుడే టైరు కూడా చూడండి. దీపానికి బొట్టు పెట్టేటప్పుడు అది వెలుగుతోందో లేదో చూడండి. పూజకు ముందు పావుగంట చాలు. నెలకొకసారి దీపాలు, బ్రేకులు, టైర్లు చూస్తే మరీ మంచిది. దిష్టి తీసే చేతులు మనవే, చూసే కళ్ళు కూడా మనవే కావాలి.

ఈ సాయంత్రం మీవారు గాని, మీ అబ్బాయి గాని ఇంటికి రాగానే ఒక్క పని చెయ్యండి. మంచినీళ్ళిచ్చాక, "ఒక్కసారి బ్రేకు నొక్కండి, నేను వెనక నుంచి చూస్తాను" అనండి. నవ్వితే నవ్వనివ్వండి. అందరికీ జరీ అంచు చీర అడ్డుపడదు గదా!