పరపతి నిపుణులు ఓటడిగితే మనం ఏం అడగాలి?

(సహకార సంఘాల ఎన్నికలపై సభ్యుల శిక్షణ తరగతిలో మా సంఘం తరఫున చేసిన ప్రసంగ పాఠం)



రాష్ట్ర సహకార బ్యాంకులన్నిటికీ కలిపి జాతీయ స్థాయిలో ఒక సమాఖ్య ఉంది. పేరు నాఫ్‌స్కాబ్. 1964లో ఏర్పడింది. రిజర్వు బ్యాంకు ముందూ, నాబార్డు ముందూ, కేంద్ర ప్రభుత్వం ముందూ సహకార పరపతి సంస్థల గొంతు వినిపించాల్సింది అదే. అలాంటి బోర్డుకు ఎవరో పోటీ చేస్తుంటే యూరియా బస్తా కోసం వరుసలో నిలబడ్డ మనకెందుకులే అనుకుంటాం. కానీ ఆ కుర్చీకి వెళ్లే మెట్లు మన ఊరి సొసైటీ దగ్గరే మొదలవుతాయి.

మనం ఓటేసి సొసైటీ పాలకవర్గాన్ని ఎన్నుకుంటాం. సొసైటీల అధ్యక్షులు జిల్లా కేంద్ర బ్యాంకు బోర్డును ఎన్నుకుంటారు. జిల్లా బ్యాంకుల నుంచి రాష్ట్ర బ్యాంకుకు, అక్కడి నుంచి జాతీయ సమాఖ్యకు వెళ్తారు. మొదటి మెట్టు తప్ప మరెక్కడా మన ఓటు నేరుగా పడదు. ఆ మొదటి మెట్టే లేకపోతే పైనున్నవారు ఎవరి ప్రతినిధులు? ఆంధ్రప్రదేశ్‌లో సొసైటీలకు 2013లో ఎన్నికలు జరిగాయి. అయిదేళ్ల గడువు తీరాక ఏళ్ల తరబడి నామినేటెడ్ కమిటీలే నడిపాయి. తెలంగాణలో 2020 ఫిబ్రవరిలో ఎన్నికలు జరిగాయి. ప్రభుత్వాలు మారినా, ఎన్నికలు సకాలంలో పెట్టాలన్న మన డిమాండు మారదు.

ఇక నిపుణుల సంగతి. బ్యాంకు లెక్కలు తెలిసినవారు బోర్డులోకి రావడాన్ని మనం వ్యతిరేకించడం లేదు. మొండి బకాయి ఏది, కరువు వల్ల ఆగిన వాయిదా ఏది అని విడదీసి చెప్పగలవారు కావాలి. 2020లో బ్యాంకింగ్ నియంత్రణ చట్టాన్ని సవరించి అందులోని మరిన్ని నిబంధనలను జిల్లా, రాష్ట్ర సహకార బ్యాంకులకు కూడా వర్తింపజేశారు. ఆ చట్టం బోర్డులో సగానికి పైగా ప్రత్యేక పరిజ్ఞానం ఉన్నవారు ఉండాలంటోంది. అయితే ఆ పరిజ్ఞానాల జాబితాలో అకౌంట్లు, బ్యాంకింగుతో పాటు వ్యవసాయం, గ్రామీణ ఆర్థిక వ్యవస్థ, సహకారం కూడా ఉన్నాయి. కాబట్టి "మీకు చదువు లేదు, పక్కకు తప్పుకోండి" అని ఎవరైనా అంటే, చట్టమే సాగు అనుభవానికి చోటిచ్చిందని మనం చెప్పాలి.

నిపుణుడైనా, నాయకుడైనా ఓటడగడానికి వస్తే మూడు ప్రశ్నలు వేయండి.

ఒకటి, వడ్డీ రాయితీ. 3 లక్షల దాకా పంట రుణంపై వడ్డీ 7 శాతం. గడువులో కడితే కేంద్రం మరో 3 శాతం తగ్గిస్తుంది, మనకు పడేది 4 శాతమే. లక్ష రూపాయలకు ఏడాదికి 3,000 తేడా. ధర పడిపోయి పంట అమ్ముడుపోని ఏడాది గడువు దాటితే ఆ 3,000 పోయినట్టే. అలాంటి ఏడాది గడువు పెంచమని పైన ఎవరు అడుగుతారు? మీరు అడుగుతారా?

రెండు, కౌలు రైతు. 2011 చట్టం రుణ అర్హత కార్డు ఇచ్చింది. 2019లో ఆంధ్రప్రదేశ్ తెచ్చిన చట్టం సాగు హక్కు పత్రం ఇచ్చింది గానీ, భూ యజమాని సంతకం లేనిదే పత్రం రాదని మెలిక పెట్టింది. సంతకం పెట్టని యజమాని పొలం దున్నేవాడికి సహకార బ్యాంకు అప్పు ఎలా ఇస్తారు?

మూడు, పాత అప్పు కట్టినట్టు, కొత్త అప్పు ఇచ్చినట్టు పుస్తకాల్లో రాసుకోవడం. చేతికి రూపాయి రాకుండానే రైతు బాకీ పెరుగుతుంది. దీన్ని ఆపి, పెట్టుబడి సమయానికి నగదు చేతికిస్తారా?

జవాబులు నోటిమాటగా వద్దు, కాగితం మీద రాయించుకోండి. గెలిచాక మహాజన సభలో ఆ కాగితమే చదివి లెక్క అడగండి.

ఈ లోపు చేయాల్సిన పని ఒకటుంది. రేపే సొసైటీకి వెళ్లి ఓటర్ల జాబితాలో మీ పేరుందో లేదో చూసుకోండి. పొలం ఆడవాళ్ల పేరు మీదుంటే వారి సభ్యత్వం కూడా చూడండి. చనిపోయినవారి పేర్లుంటే తీయించి, వారసులను చేర్పించండి. పేరు లేనివారి వివరాలు గ్రామ కమిటీకి ఇస్తే, సంఘం తరఫున అందరం కలిసి వెళ్లి దరఖాస్తులు పెడదాం.