మంచి పనికి మంచి దారే



"పిల్లవాడి చదువు కోసమే గదా, సిఫారసు కాగితంలో ఆదాయం కాస్త తగ్గించి రాయండి" అని కొందరు మా కమిటీని అడుగుతూ వుంటారు. వారి ఉద్దేశం మంచిదే. కాని స్కాలర్‌షిప్పులు కొన్నే. అలా రాస్తే, నిజంగా పేదింటి పిల్లకు అందవలసిన సొమ్మును మేమే లాక్కున్నట్లు.

1922 ఫిబ్రవరిలో, ఖిలాఫత్, సహాయ నిరాకరణ ఉద్యమాలు కలిసి సాగిన రోజుల్లో, చౌరీచౌరాలో జనం పోలీసు ఠాణాకు నిప్పంటించారు. 20 మందికి పైగా పోలీసులు చనిపోయారు. ముందు పోలీసులే కాల్పులు జరిపిన మాట నిజమే. అయినా గాంధీజీ పట్టుబట్టి ఉద్యమాన్ని ఆపించారు. జైళ్ళలో వున్న నాయకులెందరో బాధపడ్డారు. స్వరాజ్యం ఆలస్యమైనా సరే, దారి చెడకూడదన్నది ఆయన పట్టుదల.

దేశ స్వాతంత్ర్యం కోసమే ఆయన వంకర దారి ఒప్పుకోలేదు. మనం ఒక్క సంతకం దగ్గర జారిపోదామా? అబద్ధపు కాగితంతో చదివే బిడ్డ మొదట నేర్చేది ఆ అబద్ధమే గదా!

ఫీజుకు తక్కువైతే తలా కొంత చందా వేసుకుందాం. తప్పుడు సంతకం మాత్రం పెట్టం.

ఖుదా హాఫిజ్.